పాలెంలో కొత్త గురువు

వేసవి సెలవులు వచ్చాయంటే మా కళాశాలలో తోటి అధ్యాపకులు ఊటీ అనీ, కొడైకెనాల్ అనీ లెక్కలు వేస్తారు. నన్ను ఎవరైనా "ఈ ఏడు ఎక్కడికండీ ప్రయాణం?" అని అడిగితే "తూర్పుకు, పాతిక కిలోమీటర్లు" అని చెప్పటం నాకు అలవాటు. నెల్లూరులో ఉన్నవాడికి సముద్రం అంత దూరమే. అంత దగ్గర గనుకనే మేమెవ్వరమూ దాన్ని పట్టించుకోము. కార్తీకమాసంలో ఒక మునక వేసి, మైపాడు ఇసుకలో కూర్చుని పులిహోర తిని, సముద్రాన్ని చూచేశామని చెప్పి వచ్చేస్తాము.

2025 మే నెలలో నేను వెళ్ళింది మునకకూ కాదు, పులిహోరకూ కాదు. ఒక పాలెంలో కబడ్డీ జట్టుకు గురువును మారుస్తున్నారంటే చూడటానికి పోయాను. చూడటానికని ఇంట్లో చెప్పానే గాని, ఆ మార్పులో నా చెయ్యి కూడా కొంత ఉన్నది. ఆ సంగతి ముందే చెబితే చదువరులు నా మాట నమ్మరు. సమయం వచ్చినప్పుడు చెబుతాను.

బస్సు ఇందుకూరుపేట దాటిన తరువాత కిటికీ ప్రక్క సీటుకు విలువ పెరుగుతుంది. మిగతా చోట్ల నేల ఎండకు బీటలు వారి ఉండే మే నెలలో పెన్న డెల్టాలో ఎడగారు పైరు పచ్చగా నిలబడి ఉంటుంది. ఎడగారు అంటే ఏమిటని ఉత్తరాది జిల్లాల మిత్రులు నన్ను అడుగుతూ ఉంటారు. మొదటి పంట కోసిన తరువాత సోమశిల నీళ్ళను నమ్ముకొని మేము వేసే రెండవ పంట అది. ఆ పచ్చదనం నడుమ రొయ్యల గుంటలు. గుంటల్లో రొయ్యలకు గాలి అందటానికి గిరగిర తిరిగే చక్రాలు. నేను చదువుకొనే రోజుల్లో వరి చూచిన చోట ఇప్పుడు చక్రాలు చూస్తున్నాను.

ఆ తరువాత బకింగ్‌హాం కాలువ. మదరాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు కాలంలో, 1876-78 నాటి ధాతు కరువులో, పొట్టకూటికి వచ్చిన జనం చేత తవ్వించిన భాగం ఇందులో చాలా ఉన్నది. ఒకప్పుడు ఉప్పూ, ధాన్యమూ, కట్టెలూ పడవల మీద ఈ దారినే మదరాసుకు పోయేవి. ఇప్పుడు పడవలూ లేవు, వాటిని లాగే మనుషులూ లేరు. జమ్ము మాత్రం దట్టంగా పెరిగి ఉన్నది. కాలువ దాటితే సరుగుడు తోటలు, తోటలు దాటితే ఇసుక, ఇసుక చివర నీలి గీత.

మైపాడులో బస్సు దిగి, ఆటోలో తీరం వెంట కొంత దూరం పోతే నేను చెప్పే పాలెం వస్తుంది. "మా పేర్లు పత్రికలో వెయ్యబాకండి సార్" అని అక్కడివాళ్ళు మరీ మరీ చెప్పారు. అందుచేత పాలెం పేరూ వ్రాయను, మనుషుల పేర్లూ వ్రాయను. నెల్లూరు తీరం ఎరిగినవారికి అటువంటి పాలేలు చాలా తెలిసే ఉంటాయి.

నేను వెళ్ళినప్పుడు వేట నిషేధం నడుస్తున్నది. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మరపడవలు సముద్రంలోకి పోరాదు. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. ఆ రెండు నెలలకూ ప్రభుత్వం ఇచ్చే భృతిని ఆ ఏడే 10 వేల రూపాయల నుంచి 20 వేలకు పెంచారు. పడవలన్నీ ఒడ్డుకు ఎక్కి, వీపు మీద తాటాకులు కప్పుకొని పడుకొని ఉన్నాయి. సరుగుడు నీడన మగవాళ్ళు వలలకు కన్నులు వేస్తున్నారు. ఆడవాళ్ళు ఎండు మెత్తళ్ళు చెరుగుతున్నారు. ఊరంతటికీ తీరిక దొరికే కాలం ఇదొక్కటే. కనుక చుట్టుప్రక్కల పాలేలన్నిటికీ ఇదే కబడ్డీ కాలం.

జట్టుకు నలభై ఏళ్ళుగా గురువు ఒక్కడే. ఆయనకు ఇప్పుడు డెబ్బయికి రెండు తక్కువ. పిలకాయలు ఆయన్ను కూత తాత అంటారు. చెడుగుడులో ఊపిరి బిగబట్టి అవతలి బరిలోకి పోవటాన్ని కూతకు పోవటం అంటాము గదా, ఆ కూత. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుపానులో ఈ పాలెం తెప్పలూ వలలూ చాలా పోయాయట. కొత్తవి సమకూడేవరకు నెలల తరబడి పనిలేదు. పనిలేని మగవాళ్ళు సారాకొట్టు చుట్టూ తిరగటం మొదలుపెట్టారు. అప్పుడు ఇరవై ఏడేళ్ళవాడు, తానూ తెప్ప పోగొట్టుకొన్నవాడు, ఒక సాయంకాలం తెడ్డుతో ఇసుక మీద గీతలు గీసి, "తాగే ఊపిరుంటే ఈడికొచ్చి కూత పెట్టండిరా" అన్నాడు. అదీ జట్టు పుట్టుక.

ఆ జట్టు సంక్రాంతి పందెాలలో ఎన్ని పొట్టేళ్ళు గెలిచిందో ఆయనకే లెక్క తెలియదు. గెలిచిన పొట్టేలును ఆ రాత్రే పాలెమంతా పంచుకు తినేవారు గనుక సాక్ష్యం మిగలలేదు. పొట్టేలు కొమ్ములు మాత్రం నాలుగైదు జతలు ఆయన పంచలో దూలానికి వ్రేలాడుతున్నాయి.

నేను పంచలో అడుగు పెట్టగానే ఆయన నన్ను పోల్చాడు.

"రాండి అయ్యవారా, కూసోండి. కాగితం రాసిన చేతులకి మజ్జిగ ఇమ్మంటారా, టీ పెట్టిమ్మంటారా?"

ఇక దాచి ప్రయోజనం లేదు. ఈ పాలెం కుర్రవాడొకడు ఎనిమిదేళ్ళ క్రిందట నా దగ్గర బి.ఏ. చదివాడు. ఛందస్సులో గణాలు ఎప్పుడూ తప్పేవాడు. కబడ్డీలో మాత్రం విశ్వవిద్యాలయం జట్టు దాకా పోయాడు. చదువైన తరువాత వచ్చి, "సార్, శిక్షకుడి పనికి చదువుంటుందంట. నాకొక కాగితం రాసిపెట్టండి" అన్నాడు. పాటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ ఒకటున్నది. ఏడాది డిప్లొమాతో పాటు ఆరు వారాల సర్టిఫికెట్ శిక్షణ కూడా ఇస్తుంది. నేను కాగితం వ్రాశాను. ఫీజుకు తక్కువైన డబ్బు కూడా సర్దాను. వ్రాసేటప్పుడు నాకు చాలా ఘనకార్యం చేసినట్లనిపించింది. ఆ కాగితం తిరిగి తిరిగి నలభై ఏళ్ళ గురువును ఇంట కూర్చోబెడుతుందని అప్పుడు తోచలేదు.

"నేను నలభై ఏళ్ళల్లో నేర్చుకొన్నది వాడు ఆరు వారాల్లో నేర్చుకొచ్చినాడంట," అన్నాడు తాత మజ్జిగ లోటా అందిస్తూ. "చదువంటే అట్టుండాల!"

మార్చటానికి కారణం లేకపోలేదు. పాలెం జట్టు ఇసుకలో పులి. కాని ఇప్పుడు పెద్ద పోటీలు ఇసుకలో జరగటం లేదు. కప్పు క్రింద, దీపాల వెలుతురులో, రబ్బరు పట్టాల మీద జరుగుతున్నాయి. 2014లో ప్రొ కబడ్డీ వచ్చి టెలివిజన్‌లో ఆటను చూపించిన తరువాత చిన్న పోటీలవాళ్ళు కూడా పట్టాలే పరుస్తున్నారు. పట్టణంలో జరిగిన రెండు పోటీలలో పాలెం జట్టు మొదటి ఆటలోనే ఇంటిముఖం పట్టింది. వట్టి కాళ్ళు పట్టా మీద కమిలి పొక్కులెక్కాయి. కూతకు 30 సెకండ్లే గడువు. రెండుసార్లు వట్టి చేతులతో తిరిగి వస్తే మూడవ కూతలో పాయింటు తేవాలి, లేకపోతే కూతగాడు ఔటు. ఈ లెక్కలేవీ తాత చెప్పలేదు. ఆయనకు తెలియవు.

ఓడిపోతే ఓడిపోయారు, అదేమంత పెద్ద సంగతి అనిపించవచ్చు. జట్టులో కుర్రవాళ్ళతో మాట్లాడితే గాని నాకూ తెలియలేదు. డీజిలు ఖర్చు పోను వేటలో మిగిలేది ఏటేటా తగ్గుతున్నది. పడవ మీద వాటా దొరకనివాళ్ళు కొందరు కృష్ణపట్నం ఓడరేవులో కూలికి పోతున్నారు, కొందరు చెన్నై పోతున్నారు. వీళ్ళకు కనుపించే ఇంకొక త్రోవ రైల్వేలోనో పోలీసులోనో ఆటగాళ్ళకిచ్చే ఉద్యోగం. 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వం ప్రకటించిన క్రీడావిధానంలో ఉద్యోగాలలో క్రీడాకారుల వాటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచారు. ఆ ఒక్క శాతం పాలెంలో పిలకాయల నోట జపమంత్రమైంది. ఆ వాటాకు సర్టిఫికెట్ కావాలి. సర్టిఫికెట్‌కు జిల్లా జట్టులో చోటు కావాలి. చోటు కావాలంటే పట్టా మీద ఆడటం రావాలి. పొట్టేలు కొమ్ములు చూపిస్తే ఏ కచేరీలోనూ ఉద్యోగం ఇవ్వరు.

పాలేలలో పెద్దరికం కాపులది. వాళ్ళు కూర్చుని ఒక మాట అంటే దాన్ని దురాయి అంటారు. దాటినవాడికి తప్పు కట్టిస్తారు. ఏప్రిల్‌లో కాపులు కూర్చుని, జూన్ పోటీల నుంచి జట్టును నా శిష్యుడు చూచుకోవాలని చెప్పారు. తాతను పిలిచి శాలువా కప్పారు. ఆయన శాలువా తీసుకొని, మాట్లాడకుండా వచ్చేశాడు. అది ఇప్పుడు కొమ్ముల ప్రక్కనే దూలానికి ఉన్నది, మడత కూడా విప్పలేదు.

సాయంకాలం నా శిష్యుడు తన ఆటస్థలం చూపించాడు. ఊరి చివర స్తంభాల మీద నిలిచిన తుపాను షెల్టరు అది. గాలివాన వచ్చినప్పుడు ఊరు తలదాచుకొనే మేడ. మిగతా రోజుల్లో ఖాళీ. పై హాలులో పట్టా పరిచాడు. నిండు కబడ్డీ బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10. హాలులో అంత చోటు లేదు. సగం బరి మాత్రమే పట్టింది. చీటీ పేకల్లాగా ఒకదానికొకటి పళ్ళతో కరిపించిన పట్టా ముక్కలు. కొన్నిటి రంగు వెలిసింది. ఎక్కడో పాతవి అమ్ముతుంటే చందా వేసుకొని కొన్నారట. ఏడుగురు రక్షకులు ఒక వైపు నిలబడితే కూతగాడు గోడకు వీపు ఆనించి బయలుదేరాలి.

"సగం బరిలో ఆట నేర్పవచ్చునా?" అని అడిగాను.

"పట్టుకోవటం నేర్పవచ్చు సార్. పారిపోవటం నేర్పలేము," అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, "సార్, నాకు చీలమండ పట్టు నేర్పింది తాతే. ఆయన ఇంటి ముందుగా మెడలో ఈల వేసుకొని పోవాలంటే సిగ్గుగా ఉంది. ఈల జేబులో పెట్టుకొని పోతుండా," అన్నాడు.

ఆ రాత్రి షెల్టరు మెట్ల మీద పెద్ద సభే జరిగింది. కుర్రవాళ్ళు, ఇద్దరు కాపులు, నేను. కొంచెం ఎడంగా, తన పనేదో చూచుకొంటున్నట్లు, తాత. మాట సహజంగానే తెలుగు టైటాన్స్ మీదికి పోయింది.

ఒక కుర్రవాడు వ్రేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. "2021-22లో 22 ఆటలాడి గెలిచింది ఒకటే. 2022లో రెండు. ఆ తరువాత ఏడు మళ్ళీ రెండే. పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షలు పెట్టి కొన్నా రెండే. 2024లో కృష్ణకుమార్ హుడా గురువుగా వచ్చినాడు. పన్నెండు గెలిచినారు. గురువు మారితే జట్టు మారినట్టు గాదా సార్?"

కాపులు తలలూపారు. తాత చీకట్లోనుంచి అడిగాడు: "ఆ ఒకటి గెలిచిన కాడ్నించి పన్నెండు గెలిచిందాకా ఎంతమంది మారినారురా గురువులు?"

కుర్రవాడు ఆలోచించాడు. జగదీశ్ కుంబ్లే, వెంకటేశ్ గౌడ్, శ్రీనివాసరెడ్డి, హుడా. నాలుగేళ్ళకు నలుగురు.

"మరి మార్చినప్పుడల్లా గెలవలేదే? ముగ్గుర్ని మార్చినప్పుడు మారని జట్టు నాలుగోవాడితో మారిందంటే, అది మార్చినందుకా, మనిషి దొరికినందుకా?"

ఒకే లెక్క. ఒకరికి ఒక విధంగా, ఇంకొకరికి ఇంకొక విధంగా కనుపించింది. తర్కం చెప్పే అధ్యాపకులు మా కళాశాలలో ఉన్నారు గాని, ఆ ప్రశ్న అంత సూటిగా వెయ్యగలవారు తక్కువ.

సంభాషణ చల్లబరుద్దామని నేను ఇరాను కథ ఎత్తుకొన్నాను. 1990లో బీజింగు ఆసియా క్రీడలలో కబడ్డీ చేరిననాటి నుంచి స్వర్ణం మనదే. 2018 జకార్తాలో మగవాళ్ళు సెమీఫైనలులో ఇరాను చేతిలో 18-27 తేడాతో ఓడారు. ఆడవాళ్ళు ఫైనలులో 24-27తో ఓడారు. ఆ ఇరాను ఆడపిల్లలకు ఆట నేర్పింది ఎవరనుకొన్నారు? నాసిక్‌కు చెందిన శైలజా జైన్. మన దేశపు ఆవిడే. ఇరాను మగవాళ్ళను గెలిపించిన గులాంరెజా మజందరానీని మరుసటి ఏడు మన టైటాన్స్ తెచ్చుకొన్నారు. వారి విద్య మనకు వచ్చింది గాని, ఆ ఏడు టైటాన్స్ ప్లేఆఫ్స్ చేరలేదు.

ఇది వింటే "విద్యకు ఊరేమిటి, వయసేమిటి" అనే నీతి అందరికీ తోస్తుందని నా ఊహ. తాత మాత్రం, "ఆయమ్మ మనదే గదా. మనోళ్ళు ఎందుకు పెట్టుకోలా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. సభ ముగిసింది.

తెల్లవారుజామున అలల చప్పుడుకు మెలకువ వచ్చింది. ఒడ్డుకు పోతే తాత ఒక్కడే మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. ఇదివరకు ఈ వేళకు పిలకాయలంతా అక్కడ ఉండేవారట. రొమ్ములోతు నీళ్ళలో నిలబెట్టి కూత పెట్టించేవాడు. అల వచ్చి మొహాన కొట్టినా కూత తెగకూడదు. నాలుగలలు దాటేదాకా తెగకపోతే వాడు కూతగాడు. తెగితే ఇంకా పిలకాయ.

నేను సెల్‌ఫోనులో గడియారం పెట్టి నాలుగలలు లెక్కించాను. 28 సెకండ్లు. మళ్ళీ లెక్కించాను. 36. మూడవసారి 31.

"ఎంత?" అన్నాడు తాత.

"ఇంచుమించు అరనిమిషం. కాని ఒకసారి ఉన్నట్లు ఒకసారి లేదు."

"సముద్రం గదా, దానిష్టం," అన్నాడు. కొంచెంసేపు ఊరుకొని, "వాళ్ళ పలకమీద గడియారం ఎప్పుడూ ఒకటే చెప్తాదా?" అని అడిగాడు. ఎప్పుడూ 30 మాత్రమే చెబుతుందన్నాను. "అట్టయితే అది సులువే గదా," అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. మొదటిసారిగా ఆయన ఆ గడియారాన్ని గురించి ఆలోచిస్తున్నట్లు తోచింది.

అప్పుడు నాకు హైదరాబాదు రహీం సాహెబు జ్ఞాపకం వచ్చాడు. తడి ఇసుక మీద కూర్చుని ఆ కథ చెప్పాను. సయ్యద్ అబ్దుల్ రహీం మాలాగే బడిపంతులుగా పనిచేసినవాడు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టుకు ఆయన గురువు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టుకూ ఆయనే గురువు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడారు. మనవాళ్ళలో చాలామంది అప్పటికి వట్టి కాళ్ళతో ఆడేవాళ్ళు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి చేశారు.

"గురువును మార్చినారా?" అన్నాడు తాత వెంటనే.

"లేదు. రహీమే ఉన్నాడు. ఆయన చేతి క్రిందనే జట్టు బూట్లు తొడుక్కొని 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానానికి వచ్చింది. 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకు కేన్సరు. 1963 జూన్‌లో పోయాడు. ఆ తరువాత ఎందరు గురువులు మారినా, ఫుట్‌బాలులో ఆసియా స్వర్ణం మళ్ళీ రాలేదు."

తాత చాలాసేపు మాట్లాడలేదు. అల వచ్చి ఆయన పంచె అంచు తడిపి పోయింది.

"పది గోళ్ళు తిని కూడా ఆయనే ఉన్నాడంటే," అన్నాడు చివరికి, "వట్టి కాళ్ళ పిలకాయలకి బూట్లు తొడిగే ముందర ఆయన తొడుక్కొని చూసుంటాడు."

పది గోల్సును ఆయన పది గోళ్ళు అన్నాడని నేను దిద్దలేదు. తెలుగు అయ్యవారినే గాని, ప్రతిదాన్నీ దిద్దాలని లేదు.

ఆ ఉదయం తొమ్మిదింటికి షెల్టరు హాలులో సాధన జరుగుతున్నది. నేను కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. తాత గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆట ఆగిపోయింది. నా శిష్యుడి చెయ్యి అప్రయత్నంగా మెడ దగ్గరికి పోయి, ఈలను చొక్కాలోకి దోపింది.

తాత ఎవరినీ చూడలేదు. నేరుగా పట్టా మీదికి పోయి, మడమతో నొక్కి చూచాడు. బొటనవ్రేలు ఆనించి గిర్రున తిరగబోయాడు. ఇసుకలో అయితే కాలు జారి తిరిగి వచ్చేది. పట్టా కాలిని పట్టుకొన్నది. ఆయన తూలాడు. ఇద్దరు పిలకాయలు పట్టుకోబోతే చెయ్యి విదిలించి, "ఉండండ్రా" అన్నాడు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ తూలాడు.

అప్పుడు శిష్యుడి వైపు తిరిగి, "దీని మీద మడమ ఎట్టా తిప్పాల్రా? చూపించు," అన్నాడు.

వాడు చూపించాడు. బరువు వ్రేళ్ళ మీదికి తెచ్చుకొని, మడమ లేపి, తుంటి నుంచి తిరగాలి. మూడుసార్లు చూపించాడు. వాడి చేతులు వణకటం నేను చూచాను. తాత నాలుగవసారికి తూలకుండా తిరిగాడు. తిరిగి, నవ్వకుండా, "ఈల బయటికి తియ్. గురువన్నవాడు ఈల దాచుకొంటే పిలకాయలకి లోకువ," అని చెప్పి, చెప్పులు వేసుకొని వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడ ఆపితే చదువరులకు తృప్తిగా ఉంటుంది. కాని జరిగినది వేరు. కాపుల మాట కాపుల మాటగానే ఉన్నది. జట్టుకు గురువు నా శిష్యుడే. జూన్ పోటీలలో పాలెం జట్టు రెండు ఆటలు గెలిచి, మూడవ ఆటలో రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆ సంగతి వాడు ఫోను చేసి చెబుతుంటే నేను ఓదార్చబోయాను.

"అది గాదు సార్," అన్నాడు. "చివరి కూతలో మావాడికి ఊపిరి చాలలేదు. ఇరవై సెకండ్లకే కూత తెగింది. పట్టా మీద అంతా నేర్పినాను, ఊపిరి నేర్పలేదు. వచ్చిన మర్నాడు తాత ఇంటికి పోయినా. ముందు తిట్టినాడు. తరువాత తెల్లారి నాలుగింటికి పిలకాయల్ని ఒడ్డుకు తోలుకు రమ్మన్నాడు. తానుగా ఈ పైకి రాడంట. తనది ఇసక, నాది పట్టా అంట. ఇంకో సంగతి సార్, మీ మాదిరి ఫోను గడియారం ఆయనా నేర్చుకొన్నాడు. నాలుగలలు లేవిప్పుడు. ముప్ఫై అంటే ముప్ఫయ్యే."

అలలను లెక్కించే మనిషి చేత సెకండ్లు లెక్కింపజేసినందుకు నాకు సంతోషించాలో విచారించాలో తెలియలేదు. అందులోనూ నా చెయ్యి ఉన్నది గదా!

2025 ఆగస్టు 29న విశాఖపట్నంలో ప్రొ కబడ్డీ మళ్ళీ మొదలైంది. టైటాన్స్‌వారు ఆ ఏడు గురువును మార్చలేదు. హుడానే ఉంచారు. జట్టు ప్లేఆఫ్స్ ఆడింది. ఆ రాత్రి పాలెంలో షెల్టరు మెట్ల మీద టెలివిజన్ పెట్టుకొని అందరూ చూచారట. తాత తన వాదం నెగ్గిందన్నాడట, కాపులు తమ వాదం నెగ్గిందన్నారట.

కార్తీకమాసంలో ఇంటిల్లిపాదీ మైపాడు పోయాము. మునక అయిన తరువాత వాళ్ళను పులిహోర దగ్గర కూర్చోబెట్టి, నేను ఆటో ఎక్కి పాలెం పోయి వచ్చాను. తాత ఒడ్డున లేడు, వేటకు పోయిన కొడుకు పడవ కోసం చూస్తున్నాడు. పంచలో దూలానికి పొట్టేలు కొమ్ములు అలాగే ఉన్నాయి. శాలువా లేదు. అడిగితే ఆయన కోడలు చెప్పింది: "తెల్లారిపొద్దున చలిగాలి గదన్నా, నీళ్ళకాడికి కప్పుకొని పోతుండాడు."